పాఠం 9: చెక్కపై నగిషీ – బిట్ల ఎంపిక, చివరి కోత

9.0 ఉపోద్ఘాతం

జనక్‌పురి వెస్ట్‌లో మెట్రో బ్లూ లైను ఎక్కి నగరం వైపు వెళితే ఎనిమిదో స్టేషను కీర్తినగర్. ఢిల్లీలో ఫర్నిచరు కొనేవారు ఎక్కువగా వెళ్ళే చోటు అది. ముందు వరసలో దుకాణాలు, కలప అడితులు కనిపిస్తాయి. వెనక సందుల్లోకి వెళితే సి.ఎన్.సి. రూటరు మోత వినిపిస్తుంది. తలుపు పలకలు, మంచం తలవైపు బోర్డులు, పూజా మందిరాల తలుపులు ఈ యంత్రాల మీదే తయారవుతున్నాయి. ఈ కోర్సు చదివే మీలో కొందరు అలాంటి వర్క్‌షాపులో హెల్పరుగా ఇప్పటికే పనిచేస్తూ ఉండవచ్చు. మరికొందరు ఊళ్ళో వడ్రంగం నేర్చుకొని, పని వెదుక్కుంటూ వచ్చి ఉండవచ్చు.

8వ పాఠంలో డిజైను ఫైలును యంత్రంలోకి ఎక్కించడం, జి-కోడ్ వరుసలు చదవడం తెలుసుకొన్నారు. ఫైలు సరిగా ఉన్నంత మాత్రాన పని సరిగా వస్తుందా? రాదు. ఒకే ఫైలును ఇద్దరు ఆపరేటర్లు నడిపితే ఒకరి పలక నేరుగా పాలిష్‌కు వెళుతుంది. రెండోవారి పలక మీద ఇద్దరు మనుషులు పూటంతా ఉప్పు కాగితంతో రుద్దుతారు. బిట్ ఎంపికలోనూ, చివరి కోత పెట్టిన తీరులోనూ ఆ తేడా వస్తుంది. జాబ్ వర్కు చేసే చోట యంత్రం నడిచిన గంటలకు డబ్బు లెక్క కడతారు కాబట్టి, ఈ తేడా మీ సంపాదన మీద కూడా పడుతుంది.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– చెక్కవలసిన బొమ్మను చూసి ఏ బిట్ తీసుకోవాలో చెప్పగలుగుతారు;
– చివరి కోతకు పట్టే సమయాన్ని, పలక మీద మిగిలే గరుకును లెక్క వేయగలుగుతారు;
– బిట్ మార్చినప్పుడు సున్నాను తప్పు లేకుండా పెట్టగలుగుతారు.

9.2 ముందు బొమ్మను చూడండి

చేతితో చెక్కే వడ్రంగిని ఎప్పుడైనా గమనించారా? కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవారైనా, తిరుపతి జిల్లా మాధవమాలలో దేవతామూర్తులు చెక్కేవారైనా మొదటే సన్న ఉలి పట్టుకోరు. ముందు పెద్ద పనిముట్టుతో అక్కరలేని చెక్కను తీసివేస్తారు. ఆకారం తేలిన తరువాతనే సన్న ఉలి చేతికి తీసుకుంటారు. అది కూడా కన్ను, ముక్కు, నగల గీతల వంటి చోట్లకే. వీపు భాగాన్ని సన్న ఉలితో చెక్కుతూ కూర్చునే పనివాడు ఉండడు.

యంత్రం దగ్గరకు రాగానే చాలామంది ఈ తెలివిని మరచిపోతారు. పెట్టెలో ఉన్నవాటిలో అతి సన్నని బిట్ తీసి పలక మొత్తం దానితోనే నడుపుతారు. సన్న బిట్ అయితే పని నాజూకుగా వస్తుందని వారి నమ్మకం. అది ఎంతవరకు నిజమో 9.4లో లెక్కతో చూద్దాం. ముందు బిట్ల పరిచయం చేసుకొందాం.

ఎండ్ మిల్: దీని కొన చదునుగా ఉంటుంది. రఫింగ్‌కు, అంటే అక్కరలేని చెక్కను త్వరగా తీసివేయడానికి, ఇదే వాడాలి. 6 మి.మీ. బిట్ చాలా పనులకు సరిపోతుంది. నగిషీ వెనక ఉండే చదును నేలకు కూడా ఇదే మంచిది. దీనిలో పొట్టును పైకి లాగేదాన్ని అప్‌కట్ అనీ, కిందికి నొక్కేదాన్ని డౌన్‌కట్ అనీ అంటారు. అప్‌కట్ గాడిలోంచి పొట్టును బాగా బయటకు తీస్తుంది, కాని పలక పై అంచున పేళ్ళు లేపుతుంది. డౌన్‌కట్‌తో పై అంచు శుభ్రంగా వస్తుంది, కాని లోతైన గాడిలో పొట్టు ఇరుక్కుపోయి వేడెక్కుతుంది.

బాల్ నోజ్: దీని కొన అరగోళంలా గుండ్రంగా ఉంటుంది. ఎత్తుపల్లాలున్న బొమ్మకు చివరి కోత దీనితోనే పెట్టాలి. దీనిలో ఒక లోపం ఉంది. బిట్ తిరుగుతున్నప్పుడు కొన మధ్య బిందువు దగ్గర కోత వేగం సున్నా. అందువల్ల చదునైన చోట అది చెక్కను కోయదు, రుద్దుతుంది. చదును నేలను ఎండ్ మిల్‌కు వదిలిపెట్టమని చెప్పింది ఇందుకే.

టేపర్ బాల్ నోజ్: కొన సన్నగా గుండ్రంగా ఉండి, పైకి పోయేకొద్దీ లావవుతుంది. కొన 2 మి.మీ. ఉన్నా మొదలు 6 మి.మీ. ఉండటం వల్ల త్వరగా విరగదు. రేకుల ఈనెలకు, ముఖాలకు ఇది బాగుంటుంది. అయితే నిట్రంగా దిగే గోడల దగ్గర బిట్ పక్క భాగం తగులుతుంది. అక్కడ గోడ నిలువుగా రాక కొంచెం వాలుగా వస్తుంది.

వి బిట్: అక్షరాలకు, గీతలకు వాడతారు. గుండ్రని బిట్‌తో లోపలి మూల ఎప్పుడూ గుండ్రంగానే వస్తుంది. వి బిట్ మూల దగ్గరకు వచ్చేకొద్దీ పైకి లేస్తుంది కాబట్టి మూల పదునుగా వస్తుంది. మిగతా నగిషీలో పదును మూల కావాలంటే చివర ఉలి పట్టవలసిందే. ఈ కోర్సులో చేరాక ఇంటి నుంచి తెచ్చుకొన్న ఉలులను అమ్మివేయకండి!

ఇప్పుడు ఎంపిక సంగతి. బొమ్మలో అన్నిటికన్నా ఇరుకైన పల్లం ఏదో వెదకండి. గుండ్రని కొన తన అర్ధవ్యాసం కన్నా ఇరుకైన పల్లంలోకి దిగలేదు. 6 మి.మీ. బాల్ నోజ్ అర్ధవ్యాసం 3 మి.మీ. రెండు రేకుల మధ్య పల్లం వంపు 1 మి.మీ. అర్ధవ్యాసం ఉంటే ఆ బిట్ పైనే ఆగిపోయి, అడుగున చెక్క మిగిలిపోతుంది. అక్కడ 2 మి.మీ. కొన ఉన్న టేపర్ బిట్ కావాలి. అంతకన్నా సన్నది అక్కరలేదు. అలాంటి పల్లాలు పలక అంతటా ఉన్నాయా, ఒక మూలనే ఉన్నాయా అన్నది తరువాత అడగవలసిన ప్రశ్న.

కలపను బట్టి కూడా కొంత ఆలోచించాలి. టేకులో సహజంగా సిలికా ఉంటుంది. ఎం.డి.ఎఫ్.లో జిగురు ఉంటుంది. ఈ రెండూ బిట్ అంచును త్వరగా మొద్దుబారుస్తాయి. హై స్పీడ్ స్టీల్ బిట్ చవక అని కొంటే కొద్ది పనికే పదును పోతుంది. కార్బైడ్ బిట్ కొనండి. కార్బైడ్ గట్టిదే కాని పెళుసు. బిట్లన్నిటినీ ఒకే డబ్బాలో వేసి గలగలలాడిస్తే అంచులు పెచ్చులూడతాయి. చివరి కోతకు వాడే బిట్‌ను విడిగా దాచుకోండి, దానితో రఫింగ్ చేయకండి.

పాఠ్యగత ప్రశ్నలు 9.1
1. చదునైన నేలకు బాల్ నోజ్ ఎందుకు తగదు?
2. ఒక నగిషీలో అన్నిటికన్నా ఇరుకైన పల్లం వంపు 1.5 మి.మీ. అర్ధవ్యాసం. సరిపోయే బాల్ నోజ్ వ్యాసం గరిష్ఠంగా ఎంత?

9.3 పొట్టు రావాలి, పిండి కాదు

బిట్ సరిగా కోస్తున్నదో లేదో యంత్రం కింద చూస్తే తెలుస్తుంది. టేకు, శీషం, మామిడి వంటి కలప నుంచి చిన్న చిన్న పొట్టు రాలాలి. మెత్తని పిండి రాలుతూ, చెక్క అంచు గోధుమరంగుకు మారి కాలిన వాసన వస్తుంటే బిట్ కోయడం లేదని అర్థం. ఎం.డి.ఎఫ్.కు ఈ పరీక్ష పనిచేయదు. అది ఎప్పుడూ పిండే ఇస్తుంది.

దీనికి లెక్క సులువు. నిమిషానికి బిట్ తిరిగే చుట్లను కోత అంచుల సంఖ్యతో గుణించి, ఒక్కొక్క అంచు తీయవలసిన మందంతో గుణిస్తే బిట్ ముందుకు నడవవలసిన వేగం వస్తుంది. 18,000 చుట్లు, 2 అంచులు, ఒక్కొక్క అంచుకు 0.1 మి.మీ. అనుకొందాం. 18,000 × 2 × 0.1 = 3,600. అంటే నిమిషానికి 3,600 మి.మీ.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. భయపడి వేగాన్ని 900కు తగ్గిస్తారు, చుట్లు మాత్రం అలాగే ఉంచుతారు. అప్పుడు ఒక్కొక్క అంచు తీసేది 0.025 మి.మీ. మాత్రమే. అంచు చెక్కలోకి దిగక పైపైన రాసుకొంటుంది. వేడి పుట్టి పదును పోతుంది. నెమ్మదిగా నడపాలనుకొంటే చుట్లు కూడా తగ్గించండి.

బిట్ కాలెట్ నుంచి ఎంత బయటకు ఉన్నదో కూడా చూసుకోండి. బయట ఉన్న పొడవు రెండింతలైతే, అదే బలానికి బిట్ వంగడం ఎనిమిది ఇంతలవుతుంది. వ్యాసం సగమైతే పదహారు ఇంతలవుతుంది. చివరి కోతలో పలక మీద కనిపించే అలల వంటి గుర్తులకు కొన్నిసార్లు ఇదే కారణం. పనికి కావలసినంత పొడవే బయట ఉంచండి. కాలెట్‌లో పొట్టు లేకుండా తుడిచి బిగించండి.

9.4 చివరి కోత

రఫింగ్‌లో బొమ్మ మీద అన్నివైపులా అర మిల్లీమీటరు చెక్క మిగల్చాలి. అసలు మిగల్చకపోతే రఫింగ్‌లో లేచిన పేళ్ళ మచ్చలు చివరిదాకా ఉండిపోతాయి. మరీ ఎక్కువ మిగిలిస్తే సన్న బిట్ మీద బరువు పడుతుంది.

చివరి కోతలో బిట్ పొలం దున్నినట్లు వెళుతుంది. ఒక చాలు వెళ్ళి, కొంచెం పక్కకు జరిగి, మరొక చాలు వస్తుంది. రెండు చాళ్ళ మధ్య దూరాన్ని స్టెప్ ఓవర్ అంటారు. కొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండు చాళ్ళ నడుమ సన్నని మిట్ట మిగులుతుంది. చేతితో తడిమితే గరుకుగా తగిలేది ఈ మిట్టే. దాని ఎత్తును ఇలా లెక్క వేయవచ్చు:

మిట్ట ఎత్తు = (చాలు దూరం × చాలు దూరం) ÷ (8 × కొన అర్ధవ్యాసం)

ఇప్పుడు ఒక పని తీసుకొందాం. పూజా మందిరం తలుపుకు 300 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. ఎత్తు ఉన్న టేకు పలక. నడుమ తామరపువ్వు, చుట్టూ తీగ. కర్ర నార 400 మి.మీ. వైపు ఉంది, చాళ్ళు కూడా అటే నడుపుతాం. బిట్ వేగం నిమిషానికి 2,400 మి.మీ.

మొదట 2 మి.మీ. కొన ఉన్న టేపర్ బిట్‌తో, 0.5 మి.మీ. చాలు దూరంతో పలక మొత్తం నడుపుదాం. చాళ్ళు 600. ఒక్కొక్కటి 400 మి.మీ. కాబట్టి మొత్తం 2,40,000 మి.మీ. దానికి 100 నిమిషాలు పడుతుంది. మిగిలే మిట్ట 0.25 ÷ 8, అంటే సుమారు 0.031 మి.మీ.

ఇది చాలదనుకొని చాలు దూరాన్ని 0.25కు తగ్గిస్తే మిట్ట 0.008కు పడిపోతుంది. సమయం మాత్రం 200 నిమిషాలవుతుంది.

ఇప్పుడు బిట్ మార్చి చూద్దాం. 6 మి.మీ. బాల్ నోజ్, చాలు దూరం 0.8 మి.మీ. చాళ్ళు 375, మొత్తం దూరం 1,50,000 మి.మీ., సమయం 62న్నర నిమిషాలు. మిట్ట 0.64 ÷ 24, అంటే 0.027 మి.మీ. లావు బిట్‌తో పని త్వరగా అయింది, పైగా మిట్ట కూడా తగ్గింది! సన్న బిట్ అయితేనే నాజూకు అనే నమ్మకం ఈ లెక్క ముందు నిలబడదు. సన్న కొన లోతైన గీతలోకి దిగగలదు, అంతవరకే. వాలైన తీగ మీద, గుండ్రని రేకు మీద నునుపు రావాలంటే లావు కొనే మేలు.

అయితే తామర ఈనెల్లోకి లావు కొన దిగదు కదా? దిగదు. అందుకే పలక మొత్తం 6 మి.మీ. బిట్‌తో ముగించి, పువ్వు ఉన్న 100 × 100 మి.మీ. చోటుకు మాత్రం టేపర్ బిట్‌తో 0.4 మి.మీ. చాలు దూరం పెట్టండి. దానికి పది నిమిషాల పైచిలుకు పడుతుంది, మిట్ట 0.02 మి.మీ. మొత్తం 73 నిమిషాలు. బిట్ మార్చడానికి ఐదు నిమిషాలు వేసుకొన్నా 78. మొదటి పద్ధతి కన్నా ఇరవై నిమిషాలకు పైగా మిగిలింది. యంత్రం అద్దె గంటకు 300 రూపాయలనుకొంటే, ఒక్కో పలకకు 100 రూపాయలకు పైగా ఆదా. తలుపుకు రెండు పలకలు ఉంటాయని మరచిపోకండి.

ఈ లెక్కలు చదును నేలకు కచ్చితంగా సరిపోతాయి. చాళ్ళకు అడ్డంగా వాలు ఉన్నచోట మిట్ట కొంచెం పెరుగుతుంది. యంత్రం ఎత్తుపల్లాల్లో ఎక్కి దిగుతూ వేగం తగ్గించుకొంటుంది కాబట్టి సమయం కూడా లెక్క కన్నా ఎక్కువే పడుతుంది. పోల్చి చూడటానికి మాత్రం ఈ లెక్క చాలు.

మిట్ట ఎంత ఉంటే ఫరవాలేదు? ఇది పలకకు ఆ తరువాత ఏం చేయబోతున్నారన్న దానిని బట్టి ఉంటుంది. 180 నంబరు ఉప్పు కాగితం రేణువు సగటున 0.08 మి.మీ. ఉంటుంది. 0.03 మి.మీ. మిట్ట దానికి ఎక్కువ పని కాదు, నారవైపు నాలుగుసార్లు రుద్దితే పోతుంది. చాళ్ళను నారవైపు నడపమనడానికి ఇదొక కారణం. మిట్టలు నారకు అడ్డంగా ఉంటే వాటిని తీయడానికి అడ్డంగా రుద్దాలి. అప్పుడు పడే గీతలు పాలిష్ కింద వెక్కిరిస్తున్నట్లు కనిపిస్తాయి. ఈనెల దగ్గర సంగతి వేరు. అక్కడ రుద్దితే ఈనెలే అరిగిపోతాయి. కాబట్టి ఉప్పు కాగితం తగలకూడని చోట చాలు దూరం తగ్గించండి, తగలగలిగిన చోట పెంచండి. దట్టమైన రంగు వేసే ఎం.డి.ఎఫ్. పలకకు, మెరిసే పి.యు. పాలిష్ వేసే టేకు పలకకు ఒకే చాలు దూరం పెట్టడం అనవసరపు ఖర్చు. మెరుపు ఎక్కువైనకొద్దీ గరుకు బయటపడుతుంది.

కృత్యం: చెక్కిన పలకను బల్లమీద ఉంచి, గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును పలకకు దాదాపు సమాంతరంగా పట్టుకోండి. పైనుంచి చూసినప్పుడు కనిపించని మిట్టలు నీడలుగా కనిపిస్తాయి. తరువాత తడి గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరిన తరువాత తడిమి చూడండి. కోయకుండా నొక్కుకుపోయిన నార లేచి నిలబడుతుంది. పాలిష్ పని చేసేవాడు పెట్టబోయే పేచీ ఏమిటో మీకు ముందే తెలిసిపోతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 9.2
1. పై పలకనే 6 మి.మీ. బాల్ నోజ్‌తో, 1 మి.మీ. చాలు దూరంతో నడిపితే సమయం ఎంత? మిట్ట ఎంత?
2. చాలు దూరాన్ని సగం చేస్తే మిట్ట ఎన్నో వంతు అవుతుంది?

9.5 బిట్ మారినప్పుడు సున్నా

పైన చెప్పిన పద్ధతిలో బిట్‌ను రెండుసార్లు మార్చాలి. మార్చిన ప్రతిసారీ బిట్ కొన ఎత్తు మారుతుంది కాబట్టి నిలువు సున్నా మళ్ళీ పెట్టాలి. పలకలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

ఈ పాఠం రాయడానికి ముందు నేను ఒక వర్క్‌షాపులో కొన్ని రోజులు కూర్చున్నాను. ఒకనాడు పాతికేళ్ళ కుర్రవాడు టేకు పలకకు రఫింగ్ చక్కగా ముగించి, ఎండ్ మిల్ తీసి బాల్ నోజ్ పెట్టాడు. కొనను పలక నడుమ ఆనించి, చేతిలోని రిమోట్‌లో సున్నా నొక్కాడు. సమస్య ఏమిటంటే, రఫింగ్‌లో ఆ చోట 2 మి.మీ. చెక్క అప్పటికే పోయింది. ఫైలు మాత్రం సున్నా అంటే పలక అసలు పైభాగం అనుకొంటున్నది. యంత్రం ప్రతి చోటా 2 మి.మీ. ఎక్కువ లోతుకు దిగింది. వాడు గమనించి ఆపేసరికి మూడు రేకుల అంచులు ఎగిరిపోయాయి. పక్కనే ఉన్న నేను కూడా ఆ క్షణంలో గమనించలేదు. పుస్తకం రాసేవారికి అన్నీ తెలుసని మీరు అనుకోకూడదని ఇది చెబుతున్నాను.

దీనికి నమ్మదగిన పద్ధతి, సున్నాను పలక పైభాగాన కాక యంత్రం బల్ల మీద పెట్టుకోవడం. బల్లను ఎవరూ చెక్కరు కాబట్టి ఎన్ని బిట్లు మార్చినా అదే ఎత్తు దొరుకుతుంది. డిజైను సాఫ్ట్‌వేరులో కూడా సున్నా పలక అడుగున ఉన్నట్లు ముందే ఎంచుకోవాలి. రెండూ ఒకటి కాకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. బల్ల మీద పెట్టడానికి వీలు లేకపోతే, పలక మూలన చెక్కని చోటును కొంచెం వదిలి, ప్రతి బిట్‌నూ ఆ ఒక్కచోటే ఆనించండి. నిలువు సున్నా పెట్టేటప్పుడు అడ్డం, పొడవు సున్నాలను ముట్టుకోకండి. చాలా రిమోట్లలో ఆ మీటలు పక్కపక్కనే ఉంటాయి.

సున్నా పెట్టాక నేరుగా కోత మొదలుపెట్టవద్దు. బిట్‌ను పలక పైన 5 మి.మీ. ఎత్తులో ఆపి, తెరమీద అంకెకు, కంటికి కనిపించే ఎత్తుకు పొత్తు కుదిరిందో లేదో చూడండి. పలక మందం ముందే కొలిచి రాసుకొంటే ఈ పరీక్షకు అర నిమిషం చాలు.

9.6 ఊపిరి, చేతులు

కలప ధూళి క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించింది. చివరి కోతలో వచ్చేది సన్న ధూళి, గాలిలో చాలాసేపు తేలుతుంది. ముఖానికి కట్టుకొనే రుమాలు దీనిని ఆపదు. ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి, ధూళి లాగే గొట్టం ఉంటే తప్పక వాడండి, కళ్ళద్దాలు ధరించండి. తిరుగుతున్న బిట్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. అంచుకు దారం చిక్కితే చేయి కూడా లోపలికి పోతుంది. పొట్టును చేత్తో కాక, స్పిండిల్ ఆగిన తరువాత బ్రష్‌తో తీయండి.

9.7 పాఠాంత ప్రశ్నలు

1. మీ ఇంట్లో గాని, దగ్గరి గుడిలో గాని ఉన్న ఒక చెక్క నగిషీని చూసి, దానికి ఏయే బిట్లు, ఏ వరుసలో వాడతారో, ఎక్కడెక్కడ ఉలి తప్పదో రాయండి.
2. ఒక గ్రాహకుడు 200 × 300 మి.మీ. ఎం.డి.ఎఫ్. పలకకు ఎనామెల్ రంగు వేస్తానంటున్నాడు. నగిషీలో ఇరుకైన పల్లం వంపు 3 మి.మీ. అర్ధవ్యాసం. బిట్, చాలు దూరం మీరే నిర్ణయించి, 2,400 వేగానికి సమయం లెక్క వేయండి. ఎందుకు అలా నిర్ణయించారో రెండు వాక్యాలలో చెప్పండి.
3. బిట్ మార్చిన తరువాత సున్నాను పలక నడుమ పెడితే ఏమవుతుంది?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

9.1
1. తిరిగే కొన మధ్య బిందువు దగ్గర కోత వేగం సున్నా. అందువల్ల అది చెక్కను కోయక రుద్దుతుంది.
2. 3 మి.మీ. వ్యాసం.

9.2
1. చాళ్ళు 300, మొత్తం దూరం 1,20,000 మి.మీ., సమయం 50 నిమిషాలు. మిట్ట 1 ÷ 24, సుమారు 0.042 మి.మీ.
2. నాలుగో వంతు. సమయం మాత్రం రెండింతలవుతుంది.